పెద్దరికానికి కొత్త పునాది

వయసు మీద పడడం శరీరానికి సంబంధించిన సంగతే అయినా, ఆ వయసుకు ఇంట్లోనూ ఊళ్లోనూ దక్కే స్థానాన్ని మాత్రం ఆ ఊరి బతుకుతెరువే నిర్ణయిస్తుంది. వ్యవసాయం నడిచిన రోజుల్లో పెద్దవారి మాటకు ఉన్న బరువు, అదే ఊరు పరిశ్రమల ఊరుగా మారాక తగ్గిపోతే, అందుకు పిల్లల సంస్కారాన్నో పెద్దల చాదస్తాన్నో తప్పుపట్టడం తేలికే గాని, దానివల్ల ఎవరి జీవితమూ మెరుగుపడదు. పటాన్‌చెరు, సంగారెడ్డి పట్టణాల మధ్య ముంబయి జాతీయ రహదారి మీద ఉన్న రుద్రారం ఇటువంటి మార్పును చవిచూసిన గ్రామం. వృద్ధాప్యాన్ని చురుగ్గా గడపడం ఎలా, తరువాతి తరాలతో బంధాన్ని నిలుపుకోవడం ఎలా అన్న ప్రశ్నలను ఈ అధ్యాయం ఆ గ్రామాన్నీ, దాని చుట్టూ ఉన్న పారిశ్రామిక ప్రాంతాన్నీ ఆధారం చేసుకుని పరిశీలిస్తుంది. పెద్దరికం వయసుతో పాటు దానంతటదే వచ్చే హక్కుగా ఇక నిలవదని, తరాల మధ్య రోజూ సాగే ఇచ్చిపుచ్చుకోవడమే దానికి కొత్త పునాది కావాలన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

స్థానం ఎందుకు కదిలింది

రామచంద్రాపురంలో భెల్ కర్మాగారం 1960లలో ఉత్పత్తి మొదలుపెట్టగా, 1972లో పటాన్‌చెరు వద్ద మెట్ట పంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఏర్పడింది. 1970ల నుంచి పటాన్‌చెరు పారిశ్రామికవాడ, ఆ తరవాత పాశమైలారం పారిశ్రామికవాడ విస్తరించాయి. రుద్రారంలోనే ట్రాన్స్‌ఫార్మర్లు తయారుచేసే భారీ కర్మాగారం వచ్చింది, 2009లో గీతం విశ్వవిద్యాలయం తన హైదరాబాద్ ప్రాంగణాన్ని ఇక్కడే నెలకొల్పింది, 2008లో ప్రారంభమైన ఐఐటీ హైదరాబాద్‌కు పొరుగునే ఉన్న కందిలో శాశ్వత ప్రాంగణం ఏర్పడింది. ఒక మనిషి జీవితకాలంలోనే జొన్నచేను స్థానంలో షెడ్డు, బావి స్థానంలో బోరు, పశువుల కొట్టం స్థానంలో కిరాయి గదుల వరుస వచ్చిన ఈ ప్రాంతంలో, పెద్దవారి అనుభవానికీ పిల్లల ఉపాధికీ మధ్య ఉన్న ముడి విడిపోయింది.

ఆ ముడి స్వభావాన్ని గమనించకుండా పరిష్కారం వెదకడం కుదరదు. వ్యవసాయ కుటుంబంలో విత్తనం ఎంపిక, కార్తెల లెక్క, పశువుల జబ్బులు, బాకీల వ్యవహారం, పెళ్లి సంబంధాల వాకబు అన్నీ వయసుతో పెరిగే జ్ఞానం మీదే నడిచేవి. పట్టా పాసుపుస్తకం కూడా ఇంటి పెద్ద పేరునే ఉండేది కనుక ఆయన మాట కాదనడానికి కొడుకు వెనకాడేవాడు. కర్మాగారం వచ్చాక కొడుకు జీతానికి తండ్రి అనుభవంతో పని లేకుండా పోయింది. భూమి అమ్మగా వచ్చిన సొమ్ము వాటాలుగా పంచుకున్న ఇళ్లలో పెద్దవారి చేతిలో ఉన్న చివరి ఆధారమూ పిల్లల చేతికి వెళ్లిపోయింది. దీన్ని ఎవరో కావాలని చేసిన అవమానంగా కాకుండా ఆర్థిక వ్యవస్థ మారినందువల్ల వచ్చిన ఫలితంగా అర్థం చేసుకున్నప్పుడు, ఇరు పక్షాల మనసుల్లోని కోపం కొంత చల్లబడి మాట్లాడుకోవడానికి చోటు దొరుకుతుంది.

ఈ ప్రాంతంలోని పెద్దలందరి పరిస్థితీ ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఊళ్లోనే పుట్టి, సాగు మానేసి, కిరాయిల మీదో పింఛను మీదో గడుపుతున్నవారు ఒక వర్గం. కర్మాగారాల్లో పనిచేసి 58 లేదా 60 ఏళ్లకు విరమణ పొందినవారు రెండో వర్గం. కొడుకు లేదా కూతురు ఉద్యోగం కోసం వేరే జిల్లాల నుంచో వేరే రాష్ట్రాల నుంచో వచ్చి బీరంగూడ, అమీన్‌పూర్ వంటి చోట్ల అపార్టుమెంట్లలో ఉంటున్నవారు మూడో వర్గం. మొదటి వర్గానికి ఊరు ఉంది గాని పని పోయింది, రెండో వర్గానికి ఆరోగ్యం ఉండగానే హోదా పోయింది, మూడో వర్గానికి పిల్లలు దగ్గరున్నా ఊరు లేకుండా పోయింది. కనుక అందరికీ ఒకే సలహా పనికిరాదు. పోయినది ఏదో గుర్తించి దాన్ని పూరించుకోవడమే ప్రతి ఒక్కరి మొదటి పని.

చురుకైన వార్ధక్యం అంటే ఏమిటి

చురుకైన వార్ధక్యం అన్న భావనకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ఒక విధాన పత్రం ద్వారా స్పష్టమైన రూపం ఇచ్చింది. ఆ ఏడాది మాడ్రిడ్‌లో జరిగిన ఐక్యరాజ్య సమితి రెండో ప్రపంచ వార్ధక్య సభకు ఆ పత్రాన్ని సమర్పించింది. వయసు పెరుగుతున్నకొద్దీ జీవన నాణ్యత తగ్గకుండా ఆరోగ్యానికి, భాగస్వామ్యానికి, భద్రతకు ఉన్న అవకాశాలను వీలైనంతగా పెంచుకుంటూ పోవడమే చురుకైన వార్ధక్యమని దాని సారాంశం. తరవాతి కాలంలో వీటికి జీవితాంతం నేర్చుకోవడం అనే నాలుగో స్తంభాన్ని కలిపారు. ఇక్కడ చురుకుతనం అంటే పొద్దున్నే పరుగెత్తడమో మళ్లీ ఉద్యోగంలో చేరడమో కాదు. మోకాళ్లు సహకరించని మనిషి కూడా ఇంటి నిర్ణయాల్లో పాలుపంచుకుంటూ, పక్కింటి పిల్లలకు ఎక్కాలు చెబుతూ ఉంటే ఆ అర్థంలో చురుగ్గా ఉన్నట్టే. శరీరం దృఢంగా ఉండి కూడా రోజంతా ఎవరికీ అక్కరలేని మనిషిగా గడిపేవారు అలా లేనట్టే.

భాగస్వామ్యానికి మనస్తత్వశాస్త్రం నుంచి మరొక పదాన్ని జోడించుకోవచ్చు. ఎరిక్ ఎరిక్‌సన్ 1950లో ప్రచురించిన గ్రంథంలో మానవ జీవితాన్ని 8 దశలుగా విభజించి, నడివయసులో మనిషి ఎదుర్కొనే ప్రధాన ప్రశ్న తరపోషణ అని వివరించాడు. తన తరవాత వచ్చేవారిని పెంచడం, నేర్పించడం, వారికోసం ఏదో ఒకటి నిలబెట్టడం అనే కోరికే తరపోషణ. దానికి దారి దొరకనప్పుడు మనిషి తనలో తాను ముడుచుకుపోతాడని ఆయన భావం. నానమ్మకు మనవడి పట్ల ఉండే ఆరాటంలోనూ, విరమణ పొందిన ఫోర్‌మన్‌కు కొత్తగా చేరిన ఐటీఐ కుర్రాడి చేతిపనిని సరిదిద్దాలని ఉండే తపనలోనూ ఉన్నది ఈ కోరికే కనుక, దాన్ని జోక్యమని కొట్టిపారేయకుండా దానికొక దారి చూపడం ఇంటికీ ఊరికీ లాభం.

వయసు గురించి మనిషి పెట్టుకున్న అభిప్రాయం కూడా ఆయుర్దాయాన్ని ప్రభావితం చేస్తుందనడానికి ఆధారముంది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో 50 ఏళ్లు దాటినవారిని దీర్ఘకాలం పరిశీలించిన సమాచారాన్ని విశ్లేషించి బెక్కా లెవీ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం, తమ వార్ధక్యాన్ని సానుకూలంగా చూసినవారు అలా చూడనివారికన్నా సగటున 7.5 ఏళ్లు ఎక్కువ బతికారని తేల్చింది. “ముసలిదాన్ని, నాకేం తెలుస్తుంది” అని పెద్దవారు తమను తాము తగ్గించుకునే మాటనూ, “ముసలోళ్లకు ఇవన్నీ ఎందుకు” అని పిల్లలు విసిరే మాటనూ ఇంట్లోంచి తొలగించడం కేవలం మర్యాదకు సంబంధించిన విషయం కాదని దీనివల్ల తెలుస్తుంది.

ఇంటి లోపల: అడగడం, ఒప్పుకోవడం

తల్లిదండ్రులకూ ఎదిగిన పిల్లలకూ మధ్య ప్రేమ ఒక్కటే ఉండాలని ఆశించడం వల్ల, చిరాకు కలిగిన ప్రతిసారీ బంధం తెగిపోతోందన్న భయం పుడుతుంది. కుర్ట్ ల్యూషర్, కార్ల్ పిల్లెమర్ అనే సామాజిక శాస్త్రవేత్తలు 1998లో ప్రతిపాదించిన తరాల ద్వైధీభావం అనే భావన ఈ భయాన్ని తొలగించడానికి ఉపయోగపడుతుంది. ద్వైధీభావం అంటే ఒకే మనిషి పట్ల ఆప్యాయత, విసుగు ఒకేసారి ఉండడం. తండ్రి మందులు కొనడానికి అప్పుచేసే కొడుకే ఆయన టీవీ శబ్దానికి కసురుకోవడం, కోడలి చేతి వంట మెచ్చుకునే అత్తే ఆమె ఫోను మాటలను తప్పుపట్టడం ఇందుకు ఉదాహరణలు. ఈ రెండు భావాలూ కలిసి ఉండడం సహజమేనని ఒప్పుకున్న కుటుంబం గొడవను గొడవగానే చూస్తుంది, బంధానికి అంతిమ తీర్పుగా చూడదు.

పారిశ్రామిక ప్రాంతపు ఇళ్లలో గొడవలకు పెద్ద మూలం షిఫ్టు డ్యూటీ. రాత్రి షిఫ్టు చేసి వచ్చిన కొడుకు పగలు నిద్రపోవాలి, బడి నుంచి పిల్లలు మధ్యాహ్నం దాటాక వస్తారు, తెల్లవారుజామునే లేచే పెద్దవారికి ఆ వేళ పూజ, టీ, వార్తలు కావాలి. వారం వారం మారే షిఫ్టుతో ఇంటి కాలపట్టికే మారిపోతుంది. కనుక షిఫ్టు మారే ముందురోజు కుటుంబమంతా కూర్చుని, నిద్రవేళలు ఏవి, వంట ఎవరిది, పిల్లల్ని బడి బస్సు దగ్గర దించేది ఎవరు, టీవీ ఏ గదిలో ఏ వేళ నడవాలి అన్నవి తేల్చుకుని ఆ పట్టికను వంటింటి గోడకు అంటించడం ఉత్తమం. ఆ మాటల్లో పెద్దవారు కూడా తమ అవసరాన్ని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకుండానే పిల్లలు గ్రహించాలని ఎదురుచూసి, గ్రహించనప్పుడు నొచ్చుకోవడం వల్ల ఇద్దరికీ నష్టమే.

మనవల సంరక్షణ విషయంలో ఈ స్పష్టత మరింత అవసరం. తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో నానమ్మ, అమ్మమ్మ, తాతల సాయం జీతంలేని ఉద్యోగంగా మారిపోయే ప్రమాదం ఉంది. అడగకుండా అప్పగించిన పని ఎంత ఇష్టమైనదైనా కొంతకాలానికి భారమవుతుంది. పిల్లల్ని చూసుకునే వేళలు ఎన్ని, వారంలో సెలవు ఏ రోజు, పెద్దవారికి జ్వరం వస్తే ప్రత్యామ్నాయం ఏమిటి, తిండి, చదువు, ఫోను విషయంలో చివరి మాట ఎవరిది అన్నవి ముందే మాట్లాడుకోవాలి. పెంపకంలో చివరి మాట తల్లిదండ్రులదేనని పెద్దలు ఒప్పుకోవడం, పెద్దల విశ్రాంతి వారి హక్కని పిల్లలు ఒప్పుకోవడం ఈ ఒప్పందానికి రెండు వైపులు.

ఒకే కప్పు కింద ఉంటేనే అనురాగం ఉన్నట్టని అనుకోవడం కూడా సరికాదు. ఆస్ట్రియాలో పరిశోధన చేసిన రోజెన్‌మయర్, కోకైస్ 1963లోనే దూరంలోనూ సాన్నిహిత్యం అనే భావనను వివరించారు: పెద్దలు చాలామంది పిల్లలకు అందుబాటులో ఉండాలని కోరుకుంటారు గాని, వేరు కాపురంలోని తమ స్వాతంత్ర్యాన్నీ వదులుకోవడానికి ఇష్టపడరు. రుద్రారంలో తల్లిదండ్రులు, లింగంపల్లి వైపు కొడుకు ఉన్న కుటుంబానికి ఈ పద్ధతి సహజంగా కుదురుతుంది. 2023 డిసెంబరులో మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణ మహిళలు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితంగా ప్రయాణించే వీలు కలిగింది కనుక, అమ్మ వారానికొకసారి కొడుకింటికి వెళ్లి సాయంత్రానికి తన ఇంటికి తిరిగి రావడానికి ఎవరి జేబునూ అడగనక్కరలేదు.

ఆదాయం, ఆస్తి, చట్టం

చేతిలో సొంత డబ్బు ఉన్న పెద్దవారు మనవరాలికి పెన్సిలు పెట్టె కొనగలుగుతారు, పెళ్లికి కట్నాలు చదివించగలుగుతారు, కనుక ఇచ్చేవారిగా నిలుస్తారు. 2014లో మొదలై 2019లో నెలకు 2,016 రూపాయలకు పెరిగిన ఆసరా వృద్ధాప్య పింఛను, కర్మాగారాల్లో కనీసం 10 ఏళ్ల సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్ల వయసు నుంచి వచ్చే ఇపిఎస్-95 పింఛను, గదుల కిరాయి వంటివి పెద్దవారి సొంత ఖాతాలోనే పడాలి, ఏటీఎం కార్డు వారి దగ్గరే ఉండాలి. ఇపిఎస్ కనీస పింఛను 2014లో నెలకు 1,000 రూపాయలుగా నిర్ణయమైంది. ఇది చాలా తక్కువ మొత్తం కనుక పింఛను మీదే ఆధారపడకుండా విరమణ సమయంలో వచ్చిన పీఎఫ్ సొమ్ములో కొంత భాగాన్ని ఎంత ఒత్తిడి వచ్చినా కదపకుండా నిలుపుకోవడం అవసరం. ఈఎస్ఐలో కనీసం 5 ఏళ్లు బీమా కింద ఉండి విరమణ పొందినవారు ఏడాదికి 120 రూపాయల నామమాత్రపు చందాతో తమకూ జీవిత భాగస్వామికీ వైద్యం పొందవచ్చన్న సంగతినీ, 70 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు ఆయుష్మాన్ భారత్ రక్షణ 2024 అక్టోబరు నుంచి ఉందన్న సంగతినీ పిల్లలు తెలుసుకుని ఆ కాగితాల పని తామే పూర్తిచేస్తే, అది పుట్టినరోజుకు పెట్టే కొత్త బట్టలకన్నా విలువైన కానుక అవుతుంది.

భూమి ధరలు పెరిగిన ఈ ప్రాంతంలో తరాల మధ్య అతి సున్నితమైన విషయం ఆస్తి బదలాయింపు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 60 ఏళ్లు నిండినవారిని అది వయోవృద్ధులుగా గుర్తిస్తుంది. తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు పిల్లల నుంచి భరణం కోరుతూ ఆర్డీవో స్థాయి అధికారి అధ్యక్షత వహించే ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. మూల చట్టం ప్రకారం గరిష్ఠ భరణం నెలకు 10,000 రూపాయలు. నోటీసు అందిన 90 రోజుల్లో, ప్రత్యేక కారణాలుంటే మరో 30 రోజుల గడువుతో, దరఖాస్తును తేల్చాలి. ఇదే చట్టంలోని 23వ సెక్షను ప్రకారం, తమ కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద వృద్ధులు ఆస్తిని దానపత్రం ద్వారా ఇచ్చినప్పుడు, తీసుకున్నవారు ఆ షరతును నిలబెట్టుకోకపోతే ఆ బదలాయింపును రద్దుచేయించుకోవచ్చు. అయితే ఆ షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో స్పష్టం చేసింది. 2025 జనవరిలో ఇచ్చిన మరొక తీర్పులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు కలిగేలా ఉదారంగా అన్వయించాలని చెబుతూ, తల్లి ఇచ్చిన ఆస్తిని ఆమెకు తిరిగి అప్పగించాలని ఆదేశించింది.

దీనినుంచి తీసుకోవలసిన ఆచరణ పాఠం సూటిగానే ఉంది. నివాసం, భోజనం, వైద్యం చూసుకోవాలన్న షరతును దానపత్రంలోనే రాయించాలి, ఉన్న ఇంటిని బతికినంతకాలం తమ పేరునే ఉంచుకోవాలి, పంపకాన్ని వీలునామా ద్వారా చేయాలి. ఈ జాగ్రత్తను పిల్లలు తమ మీద అపనమ్మకంగా తీసుకోకూడదు. షరతు రాతలో ఉన్నప్పుడు అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య అనుమానానికి కూడా తావు తగ్గుతుంది. మాటలు పనిచేయని చోట, అంటే కొట్టడం, తిండి పెట్టకపోవడం, ఇంట్లోంచి వెళ్లగొట్టడం వంటివి జరిగినప్పుడు, పరువు పోతుందన్న సంకోచంతో ఊరుకోకుండా 14567 నంబరుకు ఫోను చేయాలి. ఎల్డర్‌లైన్ అనే పేరుతో ఇప్పుడు దేశమంతటా నడుస్తున్న ఈ సహాయవాణిని 2017లో టాటా ట్రస్ట్స్, విజయవాహిని చారిటబుల్ ఫౌండేషన్ కలిసి తెలంగాణ ప్రభుత్వ సహకారంతో హైదరాబాద్‌లోనే మొదలుపెట్టాయి.

నేర్చుకునే పెద్దలు, నేర్పే పిల్లలు

ఫోను ఈ తరాల మధ్య అడ్డుగోడగా మారిందన్న ఫిర్యాదు తరచుగా వినబడుతుంది, కాని అదే ఫోను తరాలను దగ్గరచేసే పాఠ్యపుస్తకం కూడా కాగలదు. పెద్ద సంస్థల్లో పై అధికారులు తమకన్నా చిన్న ఉద్యోగుల దగ్గర ఇంటర్నెట్ నేర్చుకునే ఏర్పాటును జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో జాక్ వెల్చ్ 1999లో ప్రవేశపెట్టాడు. చిన్నవారు గురువులుగా, పెద్దవారు శిష్యులుగా ఉండే ఈ పద్ధతిని తిరుగు శిష్యరికం అనవచ్చు. ఇంట్లో దాన్ని అమలుచేసేటప్పుడు మనవడు తాత చేతిలోంచి ఫోను లాక్కుని తానే నొక్కేయకూడదు, తాత చేతనే నొక్కించాలి. ఒక రోజుకు ఒకటే పని నేర్పాలి. నేర్పినదాన్ని పెద్ద అక్షరాలతో నోటుపుస్తకంలో వరుసగా రాసిపెట్టాలి. వీడియో కాల్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, యూపీఐలో డబ్బు పంపడం, బ్యాంకు సందేశం చదవడం అనే వరుసలో వెళితే పెద్దవారికి ధైర్యం కుదురుతుంది.

నేర్చుకోవడంతో పాటు మోసాల గురించి హెచ్చరిక కూడా సాగాలి. పోలీసులమని, సీబీఐ అధికారులమని వీడియో కాల్‌లో బెదిరించి డబ్బు గుంజే డిజిటల్ అరెస్టు మోసానికి, కేవైసీ పేరుతో ఓటీపీ అడిగే మోసానికి వృద్ధులు సులువుగా చిక్కుతారు; భారత చట్టంలో డిజిటల్ అరెస్టు అనేదే లేదని, మోసపోయిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేస్తే పోయిన సొమ్మును ఆపే అవకాశం ఎక్కువని ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండాలి. మోసపోయిన పెద్దవారిని తిట్టే ఇంట్లో రెండోసారి మోసం జరిగినప్పుడు వారు ఆ సంగతిని దాచిపెడతారు కనుక, తిట్టకపోవడం కూడా భద్రతలో భాగమే.

ప్రతిగా పెద్దవారు నేర్పగలిగినది తక్కువేమీ కాదు. ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలు చుట్టిన మనిషికి, లేత్ యంత్రం మీద ఏళ్ల తరబడి నిలబడిన మనిషికి, ప్రమాదానికి ముందు యంత్రం చేసే శబ్దాన్ని గుర్తుపట్టే చెవి ఉంటుంది. జొన్నరొట్టె తట్టడం, అంబలి కాయడం, మామిడితొక్కు పెట్టడం, బతుకమ్మ పేర్చడం, వేలల్లో అప్పు ఉన్నప్పుడు ఇల్లు గడపడం వంటివి కళాశాల పాఠ్యప్రణాళికలో దొరకవు. అయితే నేర్పే పద్ధతి మారాలి: “మా కాలంలో” అని మొదలయ్యే మాట ఈ కాలపు వారిని తప్పుపడుతూ ముగిస్తే వినేవారు లేచిపోతారు, అదే మాట ఒక పని చేసి చూపించడంతో ముగిస్తే దగ్గరకు వస్తారు.

శరీరం సహకరించాలంటే

ఇచ్చిపుచ్చుకోవడానికి ఒంట్లో ఓపిక కావాలి. 65 ఏళ్లు దాటినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు మధ్యస్థాయి శారీరక శ్రమ చేయాలని, వారానికి 2 రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం, 3 రోజులైనా శరీర సమతౌల్యాన్ని పెంచే వ్యాయామం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. మధ్యస్థాయి శ్రమ అంటే మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో నడవడం. కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడడం వంటివి మిగతా రెండింటికి ఉపయోగపడతాయి. లారీలు, కంపెనీ బస్సులు నిరంతరం తిరిగే జాతీయ రహదారి పక్కన నడక ప్రమాదకరం కనుక, ఊరి లోపలి వీధులు, బడి మైదానం, గణేశ్‌గడ్డ సిద్ధివినాయక ఆలయ ప్రాంగణం వంటి చోట్లను ఎంచుకోవడం మేలు. ఈ నడక మనవడితోనో పక్కింటి కిరాయిదారుతోనో కలిసి సాగితే వ్యాయామం, సాంగత్యం రెండూ ఒకేసారి దక్కుతాయి.

గడప దాటి: ఊరంతా తరాల బడి

సొంత పిల్లలు దూరంగా ఉన్నవారు తరాల బంధాన్ని రక్తసంబంధానికే పరిమితం చేసుకుంటే ఒంటరితనం తప్పదు. రుద్రారం, ఇస్నాపూర్, పాశమైలారం ప్రాంతంలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుంచి తల్లిదండ్రులను వదిలి వచ్చిన యువకార్మికులు కిరాయి గదుల్లో ఉంటారు, హాస్టళ్లలో వేలమంది విద్యార్థులు ఉంటారు; ఇటు పిల్లలు లేని ఇళ్లు, అటు పెద్దలు లేని గదులు ఒకే గల్లీలో ఉన్నాయి. ఈ రెంటి మధ్య అపనమ్మకం తొలగడానికి ఏం కావాలో గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో ప్రతిపాదించిన సంపర్క సిద్ధాంతం చెబుతుంది: రెండు వర్గాలు సమాన హోదాతో, ఉమ్మడి లక్ష్యం కోసం, పోటీ లేకుండా కలిసి పనిచేస్తూ, ఆ పనికి సంస్థల మద్దతు ఉన్నప్పుడే పరస్పర దురభిప్రాయాలు తగ్గుతాయి. కనుక వృద్ధాశ్రమానికి వచ్చి పండ్లు పంచి ఫొటో తీసుకుని వెళ్లే కార్యక్రమం ఈ కొలతకు నిలవదు, ఎందుకంటే అందులో ఒకరు దాతలు, మరొకరు గ్రహీతలు. చెట్లు నాటడం, బడిలో చదివించడం, ఊరి చరిత్రను రికార్డు చేయడం వంటి ఉమ్మడి పనులు నిలుస్తాయి.

ఇందుకు దూరదేశాల ఉదాహరణలు ఉన్నాయి. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఎక్స్‌పీరియన్స్ కోర్ కార్యక్రమం కింద విరమణ పొందినవారు వారానికి దాదాపు 15 గంటలు ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల చదువుకు సాయపడ్డారు. జింబాబ్వేలో మానసిక వైద్యుడు డిక్సన్ చిబాండా తీర్చిదిద్దిన ఫ్రెండ్‌షిప్ బెంచ్ కార్యక్రమంలో శిక్షణ పొందిన నానమ్మలు ఆరోగ్య కేంద్రాల ఆవరణలో బెంచీ మీద కూర్చుని కుంగుబాటుతో వచ్చినవారి మాట వింటారు, వారి పద్ధతి ఫలితమిస్తోందని 2016లో వెలువడిన పరిశోధన నిర్ధారించింది.

అయితే అన్నింటికన్నా దగ్గరి పాఠం సంగారెడ్డి జిల్లాలోనే ఉంది. జహీరాబాద్ ప్రాంతంలోని పస్తాపూర్ కేంద్రంగా పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1980ల నుంచి దళిత, పేద మహిళల సంఘాలను నిర్మించింది. చదువు రాని ఆ మహిళల దగ్గరున్న చిరుధాన్యాల విత్తన పరిజ్ఞానాన్నే సంఘానికి మూలధనంగా మార్చింది. ఊరి విత్తన నిధి నుంచి విత్తనం తీసుకున్నవారు పంట చేతికొచ్చాక కొంత కలిపి తిరిగిస్తారు, ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిరుగుతాయి, 2008లో మాచనూరులో ప్రారంభమైన సంఘం రేడియో ద్వారా పెద్దల పాట, మాట, సాగు పద్ధతి యువతకు చేరతాయి, అదే ఊళ్లోని పచ్చసాలెలో పిల్లలు చదువుతో పాటు చేతిపనులూ నేర్చుకుంటారు. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి లభించింది. అక్కడ పెద్ద వయసు మహిళలకు దక్కిన గౌరవం ఎవరో దయతో ఇచ్చినది కాదు. వారి దగ్గర ఉన్నది ఊరికి అవసరమైంది, దాన్ని అందుకునే ఏర్పాటు జరిగింది. రుద్రారం వంటి చోట విత్తనాల స్థానంలో యంత్రాల పరిజ్ఞానం ఉండవచ్చు, రేడియో స్థానంలో విద్యార్థుల సెల్‌ఫోను ఉండవచ్చు, కాని సూత్రం అదే.

కళాశాల ఎన్ఎస్ఎస్ విద్యార్థులు ఊరి పెద్దల జీవితకథలను రికార్డు చేయడం దీనికి మంచి ఆరంభం. అమెరికన్ వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1963లో వివరించిన జీవిత పునరవలోకనం, అంటే గడిచిన జీవితాన్ని వరుసగా గుర్తుచేసుకుని దానికి అర్థం కూర్చుకోవడం, వృద్ధాప్యంలో మనసుకు అవసరమైన పని. వినే మనిషి దొరికినప్పుడు అది సులువవుతుంది, విన్న యువకుడికి తాను అద్దెకుంటున్న ఊరి చెరువులు, చేలు, నక్కవాగు ఒకప్పుడు ఎలా ఉండేవో తెలుస్తుంది.

ఒక నెల సాధన

చదివినది ఆచరణలోకి రావడానికి కుటుంబం ఒక నెలను కేటాయించుకోవచ్చు. మొదటి వారం పెద్దవారు ఒక కాగితం మీద మూడు వరుసలు గీసి, ప్రస్తుతం తాము ఇతరులకు ఇస్తున్నవి, ఇతరుల నుంచి పుచ్చుకుంటున్నవి, ఒకప్పుడు ఇచ్చి ఇప్పుడు ఆగిపోయినవి రాయాలి. పిల్లలు కూడా విడిగా అదే పట్టిక రాసి రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. రెండో వారం ఆగిపోయిన వరుసలోంచి ఒకదాన్ని ఎంచుకుని, దాన్ని తిరిగి మొదలుపెట్టడానికి రోజు, వేళ నిర్ణయించుకోవాలి. మూడో వారం ఇంటి బయటి తరంలో ఒకరితో, అంటే ఒక కిరాయిదారుతోనో విద్యార్థితోనో బడిపిల్లతోనో, ఒక పని కలిసి చేయాలి. నాలుగో వారం బ్యాంకు ఖాతా, నామినీ, ఆరోగ్య కార్డు, వీలునామా కాగితాలను అందరి ఎదుటా సరిచూసుకుని ఒకే సంచిలో భద్రపరచాలి. నెల చివర కుటుంబం మళ్లీ కూర్చుని, ఇచ్చే వరుస పెరిగిందా లేదా అన్నది ఒక్కటే చూసుకోవాలి.

వృద్ధాప్యంలో మనిషిని కుంగదీసేది చాకిరీ కన్నా తనతో ఎవరికీ అవసరం లేకపోవడమే కనుక, పెద్దవారికి విశ్రాంతి ఇవ్వడమే సేవ అనుకుని వారి చేతిలోంచి అన్ని పనులూ తీసేసే కుటుంబం తెలియకుండానే వారికి హాని చేస్తుంది. పెద్దలు ఆజ్ఞాపించడం మాని అందించడం, పిల్లలు భరించడం మాని అడగడం అలవాటు చేసుకోవాలి. ఈ అలవాటు ఎవరి ఇంట్లోనైనా ఈ రోజే మొదలు కావచ్చు. ఈ పుటను చదివిన ప్రతి ఒక్కరూ తమ ఇంట్లోని వేరే తరం మనిషి దగ్గరకు వెళ్లి ఒక పనిలో సాయం అడగాలి, ఒక పనిలో సాయం ఇవ్వాలి.